నమ్మకం కూడా ముగ్గులాంటిదే!

ప్రేమించడానికి ఒక్క చూపు చాలంటారు. నమ్మడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. అందులోనూ ఒకసారి గట్టిగా దెబ్బతిన్న మనిషికైతే ఎదుటివాళ్ళు మంచినీళ్ళిచ్చినా ‘ఇందులో ఏముందో’ అనిపిస్తుంది. అలాంటి మనుషులు ఇద్దరు ఒకరినొకరు ఇష్టపడితే? ఇద్దరికీ ప్రేమ ఉంది, ఇద్దరికీ భయమూ ఉంది. అప్పుడేం చేయాలి? ఈ వారం దాని గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

రాయీ అక్కడికే, మనుషులూ అక్కడికే

మంగంపేట పేరు మీలో కొందరు వినే ఉంటారు. రైల్వే కోడూరుకు దగ్గర్లో, ఓబులవారిపల్లె మండలంలో ఉంటుంది. అక్కడ భూమిలో దొరికే బెరైటీస్‌ను మా వైపు ముగ్గురాయి అంటారు. ఒకేచోట ఇంత పెద్ద నిల్వ ప్రపంచంలో ఇంకెక్కడా లేదట. గనిని మన రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ నడుపుతోంది. చుట్టుపక్కల ఈ రాయిని పిండి చేసే పల్వరైజింగ్ మిల్లులు ఉన్నాయి.

అంత పిండి ఎవరికి కావాలంటారా? చమురు బావులకు! బావి తవ్వేటప్పుడు లోపలున్న గ్యాసు, చమురు ఒత్తిడికి ఒక్కసారిగా ఎగదన్నకుండా ఈ పొడిని బురదలో కలిపి లోపలికి పంపుతారు. ఈ రాయి నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువు. ఆ బరువే ఒత్తిడిని అణిచిపెడుతుంది. అందుకే చమురు తవ్వే దేశాలకు ఈ పొడి ఎగుమతి అవుతుంది.

ఆ చమురు దేశాలకే ఇక్కడి మనుషులూ పోతారు. కోడూరు, రాజంపేట, రాయచోటి వైపు ఏ పల్లెకు పోయినా ‘మా వాళ్ళు కువైట్‌లో ఉండారు’ అనే మాట వినిపిస్తుంది. కొన్ని ఇళ్ళల్లో మగవాళ్ళు డ్రైవర్లుగా పోతే, కొన్ని ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఇంటిపనికి పోతారు. వానల్లేని సీమ, బోర్లలో నీళ్ళు అందని సీమ. అప్పులు తీరాలన్నా, ఆడపిల్ల పెళ్ళి చేయాలన్నా కువైట్ దారే కనిపిస్తుంది.

డబ్బు వస్తుంది, మిద్దె లేస్తుంది. దాంతోపాటు ఇంకొకటి కూడా వస్తుంది. అదే అనుమానం! అక్కడున్నవాళ్ళు ఏం చేస్తున్నారో ఇక్కడివాళ్ళకు తెలియదు. పంపిన డబ్బు ఏమవుతోందో అక్కడివాళ్ళకు తెలియదు. మధ్యలో చెప్పుడు మాటలకు కొదవ లేదు. అందుకే ‘నమ్మకం’ గురించి నేర్చుకోవాలంటే ఈ ఊళ్ళనే చూడాలంటాను నేను.

ఇద్దరిదీ కాలిన చెయ్యే

మంగంపేట వైపు ఒక జంట ఉంది. పేర్లెందుకు లెండి, వాళ్ళ సంసారం వాళ్ళది.

ఆమెకు చిన్నప్పుడే పెళ్ళయింది. 24 ఏళ్ళకే మొదటి భర్త కువైట్ పంపించాడు. ఇంటిపని కోసం అలాంటి దేశాలకు వెళ్ళే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండితే గానీ మన ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. కానీ ఏజెంటు ఏవో కాగితాలు సృష్టించి వయసు పెంచి పంపేశాడు. నాలుగేళ్ళు వాళ్ళింట్లో గిన్నెలు తోమి, పిల్లల్ని సాకి, ప్రతి నెలా జీతమంతా భర్త ఖాతాకే వేసింది. ‘ఇల్లు కడతాండాను, గోడలు లేచినాయి, ఇంక స్లాబు వేయాల’ అని అతను ఫోన్‌లో చెబుతుంటే మురిసిపోయింది. తిరిగొచ్చి చూస్తే పునాది కూడా లేదు. పైగా ఆమె పేరు చెప్పి చేసిన అప్పులు! కోర్టులో విడాకులు తీసుకుని, పుట్టింటికి చేరి, మిల్లులో సంచులు కుట్టే పనిలో చేరింది.

అతను అదే మిల్లులో లారీలు తూచే కాటా దగ్గర లెక్క రాస్తాడు. అతని కష్టం వేరే రకం. అతనికి అయిదేళ్ళప్పుడు వాళ్ళమ్మ కువైట్ పోయింది. అవి ఉత్తరాల రోజులు, టేపు రికార్డరులో మాటలు నింపి క్యాసెట్టు పంపుకునే రోజులు. ప్రతి క్యాసెట్టులోనూ ‘వచ్చే సంకురాత్రికి వస్తా నాయనా’ అనేది. పిల్లవాడు ప్రతి పండక్కీ బస్టాపు దగ్గర కూర్చునేవాడు. ఆమె వచ్చేసరికి అతనికి పన్నెండేళ్ళు. పాపం, ఆ తల్లి అబద్ధమాడాలని ఆడలేదు. బిడ్డ ఏడుస్తాడని అలా చెప్పింది. కానీ ఆ బిడ్డకు మాత్రం ‘వస్తా’ అనే మాట మీదే నమ్మకం పోయింది.

బ్రిటన్‌లో జాన్ బౌల్బీ అనే మానసిక వైద్యుడు పసితనంలో తల్లికి దూరమైన పిల్లల గురించి ఏళ్ళ తరబడి పరిశోధన చేశాడు. పసివయసులో దగ్గరివాళ్ళ మీద ఏర్పడిన భరోసా, లేదా బెదురు, పెద్దయ్యాక కూడా మనిషి వెంట వస్తుందని ఆయన చెప్పాడు. పెద్ద చదువులు లేకపోయినా మన అమ్మమ్మలు చెప్పిన మాటా అదే కదా!

ఆమెకు డబ్బు దగ్గర భయం. అతనికి మాట దగ్గర భయం. అలాంటి ఇద్దరూ మధ్యాహ్నం అన్నం క్యారియర్లు విప్పేచోట మాటలు కలిపారు. ఆమె తెచ్చిన ఊరిబిండి అతనికి నచ్చింది. అతను లెక్క తప్పకుండా కూలి పట్టీ రాయడం ఆమెకు నచ్చింది. అలా ఏడాది గడిచాక అతనే అడిగాడు. ఆమె ‘ఆలోచిస్తా’నంది. ఇష్టం లేక కాదు, ధైర్యం చాలక.

కాపలా కాస్తే నమ్మకం వస్తుందా?

మనం చదువుకునే రోజుల్లో యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ చేతులు మారి అట్టలు ఊడిపోయేది. 1976లో సినిమాగా కూడా వచ్చింది. జయంతి, రాజశేఖరం ఒకరినొకరు ఇష్టపడుతూనే అపార్థాలతో, అభిమానంతో దూరమవుతుంటే మనకు ఊపిరి ఆడేది కాదు. కానీ నవలకు చివరి పేజీ ఒకటుంటుంది. అక్కడికొచ్చేసరికి అన్నీ సర్దుకుంటాయి. సంసారంలో అలాంటి పేజీ రాదు. ఇవాళ తీరిన అనుమానం రేపు పొద్దున ఇంకో రూపంలో వస్తుంది.

వీళ్ళ విషయంలోనూ అదే జరిగింది. పెళ్ళి మాట ఇంకా తేలకముందే పోట్లాటలు మొదలయ్యాయి. ఆమె ఫోన్ ఎంగేజ్ వస్తే ‘ఎవురితో మాట్లాడతాండావు?’ అని అతను. అతను ఎవరికైనా వంద రూపాయలు చేబదులిస్తే ‘నాకు చెప్పకుండా ఎందుకిచ్చినావు?’ అని ఆమె. అతను ఆమె ఫోన్ చూశాడు, ఏమీ లేదు. ఆమె అతని జీతం ఎంతో మేస్త్రీని అడిగింది, అతను చెప్పినంతే ఉంది. మరి ఇద్దరికీ మనసు కుదుటపడాలి కదా? పడలేదు! ‘ఇవాళ ఏమీ లేదు సరే, రేపు?’ అనిపించింది.

ఇక్కడే మనం ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. తనిఖీ చేస్తే దొరికేది రుజువు. అది ఆ పూటకే పనికొస్తుంది. తెల్లారితే మళ్ళీ తనిఖీ చేయాలి. తనిఖీ చేయించుకున్న మనిషికి మాత్రం ‘నేను దొంగనా?’ అనే నొప్పి మిగిలిపోతుంది.

2016 నుంచి వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చాక ఈ తనిఖీలు మరీ ఎక్కువయ్యాయి. ‘కెమెరా తిప్పు, గదిలో ఎవురుండారో చూపించు’ అనే భర్తలున్నారు. ‘ఇంట్లో బీరువా తెరిచి చూపించు’ అనే భార్యలూ ఉన్నారు. వాళ్ళు మరచిపోయే సంగతి ఒకటుంది. కువైట్ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. మనకు రాత్రి పదయి పని తీరి ఫోన్ పట్టుకుంటే అక్కడ ఏడున్నర. అరబ్బుల ఇళ్ళల్లో అది రాత్రి వంటకు ఊపిరాడని వేళ. ఆమె పని ముగించుకుని పదకొండుకు గదికి చేరితే మనకు అర్ధరాత్రి దాటి ఒకటిన్నర! ‘ఫోన్ ఎందుకు ఎత్తలేదు?’ అని మొదలయ్యే పోట్లాటల్లో సగం ఈ గడియారం పెట్టే పోట్లాటలే.

అప్పుల నోటుబుక్కు

ఆ ఇద్దరి మధ్య మంచు కరిగింది తనిఖీ వల్ల కాదు. ఒకరోజు అతనే ఒక పాత నోటుబుక్కు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అందులో అతని అప్పులన్నీ ఉన్నాయి. చెల్లెలి పెళ్ళికి తెచ్చింది, నాన్న ఆపరేషన్‌కు తెచ్చింది, వడ్డీ ఎంత, ఎవరికి ఎంత మిగిలింది, అన్నీ!

“ఇవి నాకు ఎందుకు చూపిస్తాండావు?” అందామె.

“నువ్వు చూడకుండా పెళ్ళి చేసుకుంటే మోసం చేసినట్టు కాదా? చూసినాక వద్దనుకుంటే వద్దను. నాకు బాధే, కానీ తప్పదు” అన్నాడతను.

గమనించారా? అతను తన మంచితనానికి రుజువులేమీ చూపించలేదు. తనకు నష్టం చేసే కాగితాన్నే ఆమె చేతిలో పెట్టాడు. అది చూసి ఆమె కాదనవచ్చు, పదిమందిలో చెప్పి నవ్వవచ్చు. అయినా పెట్టాడు. మొదటి భర్త నాలుగేళ్ళపాటు లేని గోడల్ని ఉన్నట్టు చెప్పాడు. ఇతను ఉన్న అప్పును ఉన్నట్టు చెప్పాడు. ఆ తేడా ఆమెకు అర్థమైంది. ఆ వారమే ఇంట్లో చెప్పింది.

పెళ్ళి గుడిలో చేసుకుని, రిజిస్టర్ కూడా చేయించారు. మన రాష్ట్రంలో 2002లోనే పెళ్ళిళ్ళ నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. చాలామంది ‘ఎందుకులే’ అని వదిలేస్తారు. అలా వదలకండి. పాస్‌పోర్టుకైనా, వీసాకైనా, రేపు హక్కుల విషయంలోనైనా ఆ కాగితమే పనికొస్తుంది.

పాస్‌పోర్టు ఎవరి దగ్గరుండాలి?

అప్పులు తీరాలంటే మళ్ళీ కువైట్ తప్పదనిపించింది. ఈసారి వయసు 30 దాటింది, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. అయినా అతనికి పాత భయం లేచింది. ‘వస్తా’ అని పోయి రాకపోతే? రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

అది చూసి ఆమె పాస్‌పోర్టు తెచ్చి అతని చేతిలో పెట్టింది. “నీ కాడే పెట్టుకో. నువ్వు పొమ్మంటేనే పోతా” అంది.

అతను తీసుకున్నాడు. పేజీలు తిప్పి, ఆమె ఫోటో చూసి, మళ్ళీ ఆమెకే ఇచ్చేశాడు. “నీ పాస్‌పోర్టు నీ కాడే ఉండనీ. బీగం వేసి నిలుపుకుంటే అదేం సంసారం?” అన్నాడు.

ఈ మాట విలువ ఆమెకే తెలుసు. మొదటిసారి కువైట్‌లో ఉన్న నాలుగేళ్ళూ ఆమె పాస్‌పోర్టు యజమానురాలి బీరువాలోనే ఉంది. పనివాళ్ళ పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదని 2015లో కువైట్ ప్రభుత్వమే చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని కూడా ఆ చట్టంలో ఉంది. మీ ఇళ్ళ నుంచి ఎవరైనా పోతుంటే ఈ మూడూ చెప్పి పంపండి.

వెళ్ళేముందు ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. జీతం ఆమె పేరున ఉన్న ఖాతాలోనే పడుతుంది. అందులోంచి ప్రతి నెలా ఇంత అప్పులకు, ఇంత ఇంటికి అని ఆమే పంపుతుంది. అతను నోటుబుక్కులో రాసి నెలకోసారి ఆ పేజీ ఫోటో పంపుతాడు. ఫోన్ శుక్రవారం మాత్రమే తీరికగా. మిగతా రోజుల్లో ఒక్క మాట, ‘బాగుండా’ అని. అది వచ్చిందంటే చాలు. ‘కెమెరా తిప్పు’ అనే మాట ఇద్దరిలో ఎవరూ అనకూడదు.

రెండేళ్ళు అలాగే గడిచాయి. సంక్రాంతికి టికెట్ అనుకున్నారు. డిసెంబరులో యజమానురాలికి కాలు విరిగి, ఇంకో రెండు నెలలు ఉండమన్నారు. ఆమె ఆ రోజే ఫోన్ చేసి చెప్పేసింది. “పండక్కి రాలేను. మార్చిలో వస్తా. నీకు కోపమొస్తాదని తెలుసు, అయినా ఇప్పుడే చెప్తాండా” అంది.

అతను ఆ రాత్రి మాట్లాడకుండా ఫోన్ పెట్టేశాడు. మర్నాడు తనే చేశాడు. “మా యమ్మ కూడా ఇట్లా ముందే చెప్పింటే నేను బస్టాపు కాడ కూర్చోకుండా ఉంటి” అన్నాడట. ఆమె మార్చిలో వచ్చింది. ఆ ‘రాలేను’ అన్న మాటే తనకు భార్య మీద నిజంగా నమ్మకం కలిగించిందని అతను ఇప్పటికీ అంటాడు. ఎదుటివాళ్ళు బాధపడతారని చెప్పే తీపి అబద్ధాలకన్నా, సమయానికి చెప్పిన చేదు నిజమే మనసును నిలబెడుతుంది.

చిన్న పిలుపులు, పెద్ద భరోసా

అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొత్తగా పెళ్ళయిన జంటలను గమనించి, ఆరేళ్ళ తర్వాత వాళ్ళెలా ఉన్నారో చూశాడు. ‘ఇటు చూడు’, ‘ఇవాళ ఏమైందో తెలుసా’ లాంటి చిన్న పిలుపులకు కలిసి ఉన్న జంటలు నూటికి 86 సార్లు పలికారట. విడిపోయిన జంటలు 33 సార్లే. చూశారా, నగలూ చీరలూ కాదు, పిలిస్తే పలకడమే లెక్కలోకి వచ్చింది! ఆ ‘బాగుండా’ అనే ఒక్క మాట చేసిన పని అదే.

మీకోసం కొన్ని సూచనలు

1. పాత గాయం ఏమిటో ముందే చెప్పండి. ‘నాకు డబ్బు దగ్గర భయం’, ‘ఆలస్యమైతే నాకు దడ’ అని మామూలుగా ఉన్నప్పుడే చెప్పాలి. పోట్లాట మధ్యలో చెబితే అది నిందలా వినిపిస్తుంది.

2. అడగకముందే చెప్పడం అలవాటు చేసుకోండి. అడిగాక చెప్పిన జవాబుకన్నా అడగకముందు చెప్పిన కబురుకే విలువెక్కువ.

3. నిలబెట్టుకోగలిగినంత చిన్న మాటే ఇవ్వండి. ‘రోజూ గంట మాట్లాడతా’ అని రెండు రోజులకే మానేసేకన్నా ‘వారానికోసారి’ అని తప్పకుండా చేయడం మేలు.

4. ఎవరి సంపాదన వాళ్ళ పేరున ఉండనివ్వండి. ఇంటి లెక్క మాత్రం ఇద్దరికీ తెలియాలి. ఖాతా దాచడం వేరు, ఖాతా సొంతంగా ఉండడం వేరు.

5. చెప్పుడు మాట చెవిన పడితే దాన్ని మోసుకుతిరగకండి. ‘ఫలానా మాట విన్నాను, నీ నోటితో వినాలనుంది’ అని నేరుగా అడగండి. ‘నిన్ను నమ్మను’ అనడానికీ, ఇలా అడగడానికీ చాలా తేడా ఉంది.

ఒక హెచ్చరిక కూడా

నమ్మకం మంచిదన్నాను కదా అని గుడ్డిగా నమ్మేయకండి. అన్ని అనుమానాలూ పిచ్చివి కావు. జీతం మొత్తం లాక్కుని లెక్క చెప్పనివాడు, ఏటీఎం కార్డు, పాస్‌పోర్టు దాచేసేవాడు, పుట్టింటివాళ్ళతో మాట్లాడనివ్వనివాడు, చెయ్యెత్తేవాడు, వీళ్ళకు నోటుబుక్కు చూపించినా లాభం లేదు. భార్య సంపాదనను బలవంతంగా గుంజుకోవడం కూడా హింసేనని 2005 నాటి గృహహింస చట్టం చెబుతోంది. అవసరమైతే 181కి ఫోన్ చేయండి. మహిళల కోసమే పెట్టిన నంబరు అది. అలాంటి చోట మీ మనసు ‘వద్దు’ అంటుంటే, తప్పు మీ మనసుది కాదు.

మనిషి మంచివాడైనా మీ భయం పోకపోతే మాత్రం కంగారు పడకండి. పాత భయం ఒక్క రోజులో పోదు. ఆ జంటలో ఇప్పటికీ ఆమె నెలాఖరున పాస్‌బుక్కు తీసి చూసుకుంటుంది. అతను ఇప్పటికీ బస్సు ఆలస్యమైతే గేటు దాకా వచ్చి నిలబడతాడు. తేడా ఏమిటంటే, ‘ఎందుకు చూస్తాండావు?’ అని అతను కోప్పడడు. ‘ఎందుకు నిలబడినావు?’ అని ఆమె నవ్వదు.

ముగ్గురాయి భూమిలో ఉన్నంత కాలం అది రాయే. పిండి చేసి, చేతివేళ్ళ మధ్య నుంచి వదిలితేనే ముగ్గవుతుంది. అదీ ఒక్క రోజుకే! మధ్యాహ్నానికి నడిచే కాళ్ళు చెరిపేస్తాయి, గాలి లేపేస్తుంది. అయినా మనం విసుక్కోం. తెల్లారితే వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, మళ్ళీ చుక్కలు పెడతాం. నమ్మకం కూడా అలాంటిదే. నిన్న వేశాం కదా అని ఇవాళ వేయకుండా ఉంటే వాకిలి బోసిపోతుంది. ఇద్దరూ రోజూ ఒక్కొక్క చుక్క పెడుతుంటే చాలు, గీతలు అవే కలుస్తాయి.

ఏమంటారు? ఈ రాత్రికి మీ ఆయనతో అడగకముందే చెప్పగలిగిన మాట ఒకటి ఉందేమో చూసుకోండి.